ఒక సీటీ ఫిల్ము జీవితకథ

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో ఒక స్కానింగు సెంటరులో బొమ్మ పట్టిన ఈ ఫిల్ము, 14 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు గల పాలియెస్టరు రేకు. దాని మీది వెండి లవణాలు వేడికి నల్లబడి బొమ్మ తేలుతుందన్నది తప్ప పుట్టుకలో చెప్పదగిన విశేషం లేదు; దీని గర్వమంతా మోసిన బొమ్మదే.

కాలేయానికి నెత్తురు రెండు దారుల్లో చేరుతుంది: సుమారు ముప్పాతిక వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగిలిన పావు వంతు ధమని ద్వారా. కాలేయంలోనే పుట్టే క్యాన్సరు గడ్డ ఎక్కువగా ధమని నెత్తురు మీదే బతుకుతుంది కనుక, మామూలు స్కానులో కాలేయపు రంగులో కలిసిపోయే గడ్డను కూడా ఈ తేడాయే పట్టిస్తుంది. ఎక్స్ కిరణాలను అడ్డుకొని నెత్తురు పారే చోటును తెల్లగా చూపే అయొడిన్ మందును, అంటే కాంట్రాస్టును, చేతి సిరలోకి ఎక్కించిన సుమారు 35 సెకన్లకు గడ్డ తెల్లగా వెలుగుతుంది. 70 సెకన్లకు కాలేయమంతా తెల్లబడగా, అప్పుడో, 3 నుంచి 5 నిమిషాల తర్వాతో, అదే గడ్డ చుట్టుపక్కలకన్నా నల్లగా కనబడుతుంది. కాలేయం గట్టిపడిపోయే సిరోసిస్ జబ్బు ఉన్నవారిలో ఈ రెండు గుర్తులూ స్పష్టంగా ఉంటే, చాలా సందర్భాల్లో సూదితో ముక్క తీయకుండానే రోగం నిర్ధారణ అవుతుంది.

ఈ ఫిల్ము మీది 20 గళ్లలో ఒకదానిలో బాదంపప్పంత మచ్చ వెలిగింది, కింది వరుసలో అదే మచ్చ నల్లబడింది. సర్జను దీన్ని లైటు బాక్సుకు తగిలించి, గడ్డ ఒక్కటేనా అని ప్రతి గడినీ వెతికి, పోర్టల్ సిర కొమ్మలోకి అది పాకలేదని చూసుకొని, కోత పోగా మిగిలే కాలేయం చాలునా అని అంచనా వేశారు; సిరోసిస్ ఉన్న కాలేయంలో నూటికి 40 పాళ్లయినా మిగలాలని సర్జన్లు చూస్తారు. స్కెచ్ పెన్నుతో మచ్చ చుట్టూ సున్నా చుట్టిన ఆ ఘడియ ఈ ఫిల్ము జీవితానికి శిఖరం.

1955లో వెలసిన రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికీ, చుట్టుపక్కల ఆసుపత్రులకూ జిల్లాల నుంచి వచ్చేవారి చంకల్లో ఇలాంటి ఫిల్ముల కవర్లు నాంపల్లి స్టేషను ముందు కనబడుతూనే ఉంటాయి. అలా వచ్చిన ఈ రోగి ఆపరేషను బాగా జరిగి ఊరికి చేరాక, ఈ ఫిల్మును మడిచి, రేకుల ఇంటి అటక మీద బియ్యం సంచి వెనకకు తోశారు. వేడితో పుట్టిన బొమ్మకు వేడే శత్రువు. రెండు వేసవులు రేకు కింద మగ్గి, మడత పడ్డచోట తెల్లని గీతలు లేచి, గళ్లు ఒకటొకటిగా నలుపులో మునిగాయి. పనికిరానిదని అటకెక్కించిన చేతుల్లో ద్వేషం లేదు, తెలియకపోవడమే ఉంది. అయినా ఈ ఫిల్ము బాధ తక్కువది కాదు. ఎందుకంటే కాలేయ క్యాన్సరు కోత తర్వాత కూడా తరచుగా తిరిగి తలెత్తుతుంది, కొత్త మచ్చ కొత్తదేనా అని తేల్చడానికి పాత బొమ్మే కొలత.

తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు పాత ఫిల్ము అడిగితే, ఇంటివారు అటక మీంచి దించి చూసి, ఏమీ కనబడక, కబాడీ వాడికి వేశారు. వెండి తీసే మందునీళ్లలోకి దిగేముందు తరాజు మీద పడుకున్న ఈ ఫిల్ము మూలన సగం నలుపులో ఒక్క తేదీ మాత్రం చదవడానికి మిగిలింది. ఆ తేదీనాటి కాలేయాన్ని చూడాలనే డాక్టరు దీన్ని అడిగారు.