ట్రాన్స్‌ఫార్మర్ దాకా

మా వీధికి సిమెంటు రోడ్డు మంజూరైందని తెలిసిన రోజున వార్డు సచివాలయానికి వెళ్లి ఎస్టిమేట్ కాగితం చూశాను. పని పేరు ఇలా ఉంది: 'ఫలానా వారి ఇంటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వరకు సి.సి. రోడ్డు నిర్మాణం'. మున్సిపాలిటీ పనుల పేర్లు ఎప్పుడూ చదవనివాళ్లు ఒకసారి చదవండి, కాలక్షేపం బాగుంటుంది. మన ఇంజనీర్లు రోడ్డును కొలిచేది మీటర్లలోనే గానీ, మొదలూ చివరా చెప్పేది మాత్రం మనుషులతో. ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ప్రహరీ వరకు, ఫలానా వారి పాకల నుంచి ఫలానా వారి మిల్లు వరకు. ఆ రెండు పేర్ల మధ్య కాపురం ఉన్నవాడికి కాలికి బురద అంటదు. బయట ఉన్నవాడు చెప్పులు చేత పట్టుకోవాల్సిందే.

మా వీధిలో పదకొండు ఇళ్లు. 'ఫలానా వారు' ఒకప్పటి కౌన్సిలరు, వారిది మొదటి ఇల్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఏడో ఇంటి పక్కన ఉంది. మాది తొమ్మిదోది.

"అక్కడే ఎందుకు ఆపేశారు బాబూ?" అని ఎమినిటీస్ సెక్రటరీని అడిగాను. మంచి కుర్రాడు. నిన్నగాక మొన్న ఇంజనీరింగ్ పూర్తి చేశాడు, ఇంకా అబద్ధం చెప్పడం చేతకాదు.

"డబ్బులు అక్కడిదాకే వచ్చాయండీ. మీ నాలుగిళ్లవాళ్లూ లబ్ధిదారుల వాటా కింద కొంత వేసుకుంటే మిగతాది పెద్దాఫీసుకి రాస్తాం."

"మొదటి ఏడిళ్లవాళ్లూ ఎంత వేసుకున్నారు?"

"వాళ్లేం వేసుకోలేదండీ. వాళ్లు రోడ్డు అడగలేదు, వచ్చింది. మీరు అడుగుతున్నారు కదా!"

పట్టణ ఆర్థికశాస్త్రం మీద లావుపాటి పుస్తకాలు చదివినా దొరకని సూత్రం ఆ కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. వీధి బాగుపడితే ఎవరు లాభపడతారు, ఎంత లాభపడతారు, అందులో ఎంత తిరిగి కట్టాలి అని లెక్కలు కట్టడం దండగ. అడిగినవాడే లబ్ధిదారు. అడగకుండా పొందినవాడు పౌరుడు.

ఈ సూత్రం పట్టుకుని వెనక్కి వెళ్తే మా వీధి చరిత్రంతా విడిపోయిన చిక్కుముడిలా కనిపిస్తోంది.

ఈ స్థలం నేను 2004లో కొన్నాను. అప్పటి రంగుల కరపత్రంలో నలభై అడుగుల తారురోడ్లు, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, మధ్యలో ఫౌంటెను ఉన్నాయి. దస్తావేజులోకి వచ్చేసరికి నలభై ముప్పై అయింది. టేపు పెట్టి కొలిస్తే ఇరవై రెండు. ఫౌంటెన్ మాత్రం వానాకాలంలో నడివీధిలోనే కనిపిస్తుంది, లారీ వెళ్లినప్పుడల్లా.

చట్టంలో లోటేమీ లేదు. భూమిని ఇళ్లస్థలాలుగా కోసి అమ్మేవాడే వీధి కూడా వేసివ్వాలని 1965 నాటి మున్సిపాలిటీల చట్టం చెబుతూనే ఉంది. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు 15 శాతం స్థలాన్ని మున్సిపాలిటీ తనఖా పెట్టించుకుంటుంది. రోడ్లు, కాలువలు, దీపాలు పూర్తయ్యాకే విడిపిస్తుంది. తాకట్టు వ్యాపారికి కూడా ఇంత ముందుచూపు ఉండదు. కాకపోతే ఈ తనఖా అంతా అనుమతి అడిగినవాడికే. మా స్థలాలు అమ్మినాయన అసలు అనుమతే అడగలేదు. అందుకని ఆయన రోడ్డూ వెయ్యలేదు, తనఖా పెట్టలేదు, ఆఖరి ప్లాటు కూడా అమ్ముకుని సెంటర్లో కల్యాణమండపం కట్టుకున్నాడు. చూశారా, అక్కడా అదే సూత్రం. అడిగినవాడు పెట్టుకోవాలి. అడగనివాడు కట్టుకోవాలి.

మరి ఆయన వెయ్యని రోడ్డు ఖర్చు ఎవరి మీద పడాలి? ఆయన దగ్గర కొన్నవాడి మీద. దీన్నే క్రమబద్ధీకరణ అంటారు. దొంగసరుకు అమ్మినవాణ్ణి వదిలేసి, మోసపోయి కొన్నవాడి చేత జరిమానా కట్టించి, 'పో, ఇక నుంచి నీ వస్తువు మంచిదే' అని రసీదు ఇవ్వడం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఒకసారి జరిగింది. 2015లో తెలంగాణలో మరోసారి. 2020లో రెండు రాష్ట్రాలూ పోటీపడి చేశాయి. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశం అని ప్రకటన. అవకాశాలకు అంత ఆయుష్షు మరెక్కడా చూడలేదు నేను.

హైదరాబాదు శివార్లలో మా బావమరిదికి రెండొందల గజాలున్నాయి. 2020 ఆగస్టు 31న అక్కడ జీవో రాగానే పరుగెత్తి వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాడు. వాడి వెనక లైనులో రాష్ట్రమంతా నిలబడింది, పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు. నాలుగేళ్లు గడిచాక, 2025లో, గడువులోగా కడితే 25 శాతం రాయితీ అన్నారు. గడువు పొడిగించారు. మళ్లీ పొడిగించారు. కట్టేశాడు. అందులో క్రమబద్ధీకరణ రుసుము ఒక్కటే కాదు, లేఅవుట్‌లో పార్కుకి స్థలం వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ కూడా ఉంది. అంటే పార్కు ఉంటే ఉచితం, లేకపోతే డబ్బు కట్టాలి. "పార్కు ఎక్కడ పెడతారు మరి?" అన్నాను ఫోనులో. "బావా, ఆ మాట నేను అడగదలుచుకోలేదు. అడిగితే దానికీ ఛార్జీ ఉంటుందేమో" అన్నాడు. వాడికి ఈ సూత్రం నాకంటే ముందే వంటబట్టింది.

నా విషయానికొస్తాను. మూడేళ్ల కిందట పైన ఒక అంతస్తు వేసుకుందామని ప్లాను పెట్టాను. ప్లాను గీసినాయన చలానా మా ఇంటికే తెచ్చి నా చేతిలో పెట్టాడు, మంచినీళ్లు కూడా ముందే అడిగి పెట్టించాడు. అనుభవజ్ఞుడు. అందులో డెవలప్‌మెంట్ ఛార్జీలు ఉన్నాయి. బెటర్‌మెంట్ ఛార్జీలు ఉన్నాయి. వాటి కింద ఎక్స్‌టర్నల్ బెటర్‌మెంట్ ఛార్జీలు. "ఇదేమిటండీ, రెండు బెటర్‌మెంట్లు?" అంటే, "ఒకటి లోపల బాగుపడ్డందుకు, ఇంకోటి బయట బాగుపడ్డందుకు" అన్నాడు. బయటికి తొంగిచూశాను. గేటు ముందు గోతిలో పక్కింటివాళ్ల గేదె పడుకుని ఉంది. దాని మొహంలో మాత్రం నిజంగానే బాగుపడ్డ కళ ఉంది.

బెటర్‌మెంట్ అనే మాట వెనక ఉన్న ఆలోచన తప్పు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. జనం డబ్బుతో రోడ్డు వేస్తే పక్కనున్నవాడి నేల విలువ పెరుగుతుంది. వాడి చెమట లేకుండా పెరిగిన ఆ విలువలో కొంత ఊరికి తిరిగి రావాలి. న్యాయమే. కానీ ఆ న్యాయానికి ఒక వరస ఉంది. ముందు రోడ్డు, తర్వాత విలువ, ఆ తర్వాత వసూలు. మనవాళ్లు ఆ వరసను చివరి నుంచి మొదలుపెట్టారు. పెళ్లి కుదరకముందే బారసాల కట్నాలు అందుకున్నట్టు.

చలానా కట్టాక టౌన్ ప్లానింగ్ వాళ్లు ఇంకో మాట చెప్పారు. రోడ్డు తొమ్మిది మీటర్లు, అంటే ముప్పై అడుగులు, ఉండాలి. మీ వీధి ఇరవై రెండే కాబట్టి మీ వైపు నాలుగడుగులు వదలాలి. వదిలాను. వదలడమంటే ఊరికే వదలడం కాదు, మున్సిపాలిటీ పేర రాసివ్వాలి. ఆ కాగితాన్ని గిఫ్ట్ డీడ్ అంటారు. నేను నా జీవితంలో ఎవరికైనా ఇచ్చిన అతి ఖరీదైన కానుక అదే. మా అమ్మాయి పెళ్లిలో అల్లుడికి కూడా అంత ఇవ్వలేదు. ఇల్లు కట్టుకుంటున్నది నేను ఒక్కణ్ణే కాబట్టి నాలుగడుగులు వదిలిందీ నేనొక్కణ్ణే. అటు ప్రహరీ, ఇటు ప్రహరీ ముందుకే ఉన్నాయి, మధ్యలో నా గోడ పన్ను ఊడిన చోటులా లోపలికి పోయింది. ముప్పై అడుగుల రోడ్డు మా ఇంటి ముందు మాత్రమే, అదీ ఒక పక్క మాత్రమే ఉంది. అందులో పక్కింటి కుర్రాడు కారు పెడతాడు.

రోడ్డు వచ్చినవాళ్లయినా సుఖపడ్డారా అంటే, అదీ పూర్తిగా కాదు. ఫిబ్రవరిలో రోడ్డు పోశారు, వేసవిలో మంచినీళ్ల పైపులైను వచ్చింది. కొళాయి కావాలన్నవాడు రోడ్డు కటింగ్ ఛార్జీలు కట్టాలి. తవ్విన చోట మళ్లీ సిమెంటు వేయడానికి అని ఆ డబ్బు. వేసింది మట్టి. ఇప్పుడు ఆ రోడ్డు మీద ఏడు అడ్డగీతలున్నాయి, దూరం నుంచి చూస్తే స్పీడు బ్రేకర్లనుకుంటారు. పాత మట్టిదారి మీదే కొత్తది పోశారు కాబట్టి అది గడపల కంటే జానెడు ఎత్తు. వానొస్తే నీళ్లు ఇళ్లలోకి. ఎవరి మెట్లు వాళ్లే ఎత్తు చేయించుకుని, గేటు బయట ర్యాంపు కట్టుకున్నారు. ర్యాంపు కాలువ మీదికి వచ్చిందని ఆక్రమణ నోటీసు.

పన్ను సంగతి చెప్పకపోతే ఈ కథకి నడుము లేనట్టే. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తిపన్నును అద్దె విలువను బట్టి కాకుండా ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తున్నారు. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం దాకా, ఎంత వేయాలో తేల్చేది స్థానిక సంస్థ. ఒకేసారి 15 శాతానికి మించి పెంచబోమని అభయం. విలువ ఎక్కడి నుంచి వస్తుంది? రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి. ఆ ఆఫీసు పుస్తకంలో మా వీధి మొత్తానికి గజం ధర ఒకటే. సిమెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోయింది గానీ, విలువ ఆగలేదు. అది బురదలోంచి నడుచుకుంటూ తొమ్మిదో ఇంటికి వచ్చి తలుపు తట్టింది.

కౌన్సిల్ సమావేశం ఎలా ఉంటుందో చూద్దామని పదో ఇంటి మాస్టారూ నేనూ ఒకరోజు వెళ్లాం. వీధి ఖర్చు ఎవరిదో తేల్చేది అక్కడే కదా అని మా అమాయకత్వం. అజెండాలో అరవై పైచిలుకు అంశాలు. అవి కాక, అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే టేబుల్ అజెండా. గుమస్తా గారు నెంబరు చదవడం, "ఆమోదం" అని ఒక మూల నుంచి వినబడటం. మా వీధి అంశం మిక్చరు పొట్లాలు పంచుతుండగా దాటిపోయిందని మాస్టారు తర్వాత కనిపెట్టారు. సభలో నిజంగా వేడి పుట్టింది ఒక్కసారే, ఒక శిలాఫలకం మీద వైస్ చైర్మన్ పేరు చిన్న అక్షరాల్లో చెక్కారన్నప్పుడు. ప్రోటోకాల్ ఉల్లంఘన అన్నారు, పోడియం ముందు బైఠాయించారు, వాకౌట్ చేశారు, టీకి తిరిగొచ్చారు.

నాకు అప్పుడు తట్టింది. ఆ ఫలకం మీద పదహారు పేర్లున్నాయి. రోడ్డు వల్ల పేరు వచ్చిన పదహారు మంది. లబ్ధిదారుల వాటా వాళ్ల దగ్గర ఎవరూ అడగరేం?

మాస్టారికి చెబితే, "వాళ్లు అడగలేదయ్యా, వాళ్లకి వచ్చింది" అన్నారు.

పోయిన నెల మా నాలుగిళ్లవాళ్లం కలిసి అర్జీ పట్టుకుని మళ్లీ సచివాలయానికి వెళ్లాం. కుర్రాడు ఎస్టిమేట్ ఫారం తీశాడు. 'ట్రాన్స్‌ఫార్మర్ నుంచి' అని రాసి, తలెత్తి, "ఎవరింటి వరకు అని రాయమంటారండీ?" అన్నాడు.

నాలుగిళ్లవాళ్లం మొహాలు చూసుకున్నాం. ఎవరి పేరు రాస్తే రేపు వాటా కాగితం వాళ్లింటికే వస్తుందని అందరికీ తెలుసు. ఎనిమిదో ఇంటాయన, "మాస్టారు పెద్దవారు, వారి పేరు రాయండి" అన్నాడు. మాస్టారు, "నాకంటే పదకొండో ఇల్లే చివర కదయ్యా" అన్నారు. పదకొండో ఇంటావిడ, "మా ఆయన దుబాయ్‌లో ఉన్నారు, ఆయన్ని అడక్కుండా మా పేరు ఎక్కడా రాయొద్దు బాబూ" అంది. నేను గోడ మీది నవరత్నాల పథకాల పాత పోస్టరు మరక చూస్తూ నిలబడ్డాను.

చివరికి మాస్టారే దారి చెప్పారు. మా వీధి కొసన ముళ్లకంపతో ఒక ఖాళీ స్థలం ఉంది, వెయ్యి గజాలు. ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ స్థలానికి ప్లాను లేదు, చలానా లేదు, కొళాయి లేదు, గిఫ్ట్ డీడ్ లేదు, అర్జీ లేదు. "ఖాళీ స్థలం వరకు అని రాసెయ్ బాబూ" అన్నారు. కుర్రాడు రాసేశాడు. 'ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఖాళీ స్థలం వరకు సి.సి. రోడ్డు నిర్మాణం'. పైన తేదీ వేసి ముద్ర కొట్టాడు.

రోడ్డు ఇంకా రాలేదు. నిన్న సాయంత్రం అటు నడుస్తుంటే ముళ్లకంప కొట్టేసి ఉంది, కొత్త రేకు బోర్డు ఒకటి పాతి ఉంది: 'ఈ స్థలం అమ్మబడును. సిమెంటు రోడ్డు సౌకర్యం కలదు.'