గుట్ట కింది గడెంచ

నేనొక నులక మంచాన్ని. మా వాడకట్టులో గడెంచ అంటారు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, నడుమ అల్లిక. ఇంతకుమించి నాకు ఆస్తిపాస్తులు లేవు. హైదరాబాద్‌లో మౌలాలి గుట్ట కింద ఓ గల్లీలో, మూడర్రల ఇంట్లో నా కాపురం. ఆ ఇంటికి బోర్డు లేదు, పేరు లేదు. దూరం నుంచి గుట్ట ఎక్కడానికొచ్చి, పొద్దుగూకాక ఎక్కడ తల దాచుకోవాలో తోచక నిలబడ్డవాళ్లకు చాయ్ డబ్బా దగ్గరో, రైల్వే స్టేషన్ బయటో ఎవరో ఒకరు చెబుతారు: "అవ్వ ఇంట్ల అడుగుండ్రి, జాగ ఉంటది." మా ప్రచారం అంతే.

అవ్వ పెనిమిటి రైల్వేలో పనిచేసి పోయాడు. పింఛను చాలక అవ్వ తనకొక అర్ర ఉంచుకుని, మిగతా రెండూ రాత్రి కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టింది. అర్రలున్నాయి గానీ పడకలు లేవు. 1991 జనవరి చివర గుట్ట మీది దర్గా ఉర్సు ఉందనగా, వడ్లాయనను పిలిపించి వాకిట్లోనే కూర్చోబెట్టి నన్ను చేయించింది. కోళ్లకు నల్లతుమ్మ, పట్టెలకు పాత టేకు. కోళ్లకు బెజ్జాలు తొలిచి, పట్టెల కొసలు అందులోకి దిగగొట్టాడు. ఒక్క మేకు వాడలేదు. నులక అల్లింది మాత్రం అవ్వే. కాళ్ల వైపు జానెడు జాగా వదిలి అక్కడ విడిగా తాడు లాగి కట్టింది. మనుషుల బరువుకు అల్లిక ఉయ్యాలైనప్పుడల్లా ఆ తాడు విప్పి, కోడుకు కాలు తన్నిపెట్టి బిగించేది. ఒక్కో బిగింపుకు నా ఒళ్లంతా కిర్రుమనేది. మర్నాడు పడుకున్నవాళ్లు నడుం నొప్పి లేకుండా లేచేవాళ్లు.

నన్ను చూసి నవ్వకండి. ఈ గుట్ట కథ మొదలైందే ఒక మనిషి నిద్రలో. కుతుబ్‌షాహీల కాలం, 1578. ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో యాకూత్ అనే పెద్ద నౌకరు ఒంట్లో బాగాలేక లాలాగూడలో ఉన్నాడట. ఓ రాత్రి కలలో ఆకుపచ్చ బట్టలు కట్టుకున్న మనిషి వచ్చి, మౌలా అలీ నిన్ను పిలుస్తున్నాడని గుట్ట మీదికి తీసుకెళ్లాడట. అక్కడ హజ్రత్ అలీ బండ మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉన్నాడు. తెల్లారి యాకూత్ లేచి గుట్టెక్కి చూస్తే బండ మీద ఆ చేతి గుర్తు ఉందంటారు. ఆ రాయిని చెక్కి తీసి కమానులో నిలబెట్టించాడు. తర్వాత సుల్తాను వచ్చాడు, ఆయన వెనక ఊరు వచ్చింది. కల వచ్చిన రజబ్ నెల 17వ తేదీ, దానికి ముందు 13న అలీ పుట్టినరోజు. ఈ రెంటి చుట్టూ ఏటా ఉర్సు నడుస్తుంది. నమ్మేవాళ్లు నమ్ముతారు, చరిత్ర చదివినవాళ్లు వేరేగా చెబుతారు. నాకు మటుకు ఒక్క సంగతి చాలు. ఆ రాత్రి యాకూత్‌కు నిద్ర పట్టకపోతే ఇవాళ ఇక్కడ దర్గా లేదు, ఈ ఊరికి ఈ పేరు లేదు.

ఆసఫ్‌జాహీల కాలానికి, ముఖ్యంగా నిజాం అలీ ఖాన్ ఏలుబడిలో ఉర్సు పెద్ద జాతరైంది. పాతబస్తీ నుంచి ఇక్కడికి పొద్దున వచ్చి సాయంత్రానికి మళ్లే దారి కాదు అప్పట్లో. పల్లకీలు, ఏనుగులు, ఎడ్లబండ్లు, వంటసామాను అన్నీ కదలాలి. అమీరులు గుట్ట కింద విడిది ఇళ్లు, తోటలు కట్టించుకున్నారు. బీదాబిక్కీ చెట్ల కింద చాపలేసుకున్నారు. 1880లలో సికింద్రాబాద్ నుంచి వరంగల్ వైపు రైలు పట్టాలు ఈ పక్కగానే పడ్డాక రాకపోకలు సులువయ్యాయి గానీ, రాత్రి ఉండిపోవాలన్న ఆశ జనానికి పోలేదు.

రైలు రాకముందే అట్లా వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి మహ్ లకా బాయి చందా. 1768లో పుట్టింది. తల్లి రాజ్ కన్వర్ బాయి కడుపుతో ఈ గుట్టకు వచ్చినప్పుడు గర్భం నిలవదేమోనని భయపడ్డారట. దర్గా నుంచి దారం, సాంబ్రాణి తెచ్చి ఇస్తే బిడ్డ నిలిచిందని చెబుతారు. ఆ బిడ్డే పాడింది, ఆడింది, ఉర్దూలో గజళ్లు రాసింది, నిజాం వెంట యుద్ధాలకు గుర్రమెక్కి వెళ్లింది. ఉర్దూలో సొంత దివాన్ (కవితా సంపుటి) ఉన్న తొలి మహిళా కవుల్లో ఒకరు. గజల్ ముగింపులో అలీని తలచుకోవడం ఆమె అలవాటు. ఇప్పటి ఉస్మానియా యూనివర్సిటీ పక్కనున్న అడిక్‌మెట్ ఆమె జాగీరే. 1792లో తల్లి కోసం గుట్ట కింద గోడలున్న తోట వేసి సమాధి కట్టించింది. 1824లో తనూ ఆ తల్లి పక్కనే చేరింది. పాడుబడిపోయిన ఆ తోటను 2010 ప్రాంతంలో అమెరికా వాళ్ల సాంస్కృతిక పరిరక్షణ నిధి సాయంతో బాగుచేశారు. గుట్టెక్కి దిగేవాళ్లలో పదిమందికొక్కరు కూడా అటు తిరిగి చూడరు.

ఇక నా సంగతి. నా మొదటి చుట్టం కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మ. 1991 జనవరి. కువైట్ కోసం గల్ఫ్‌లో యుద్ధం మొదలై పట్టుమని పదిహేను రోజులు కాలేదు. కొడుకు సౌదీలో కూలిపనికి పోయాడు. ఉత్తరం లేదు, ఫోను లేదు. చంకలో బట్టల మూట, చేతిలో టెంకాయ.

"ఏడికెల్లి వచ్చిన్రు బిడ్డా? ఎన్నొద్దులుంటరు?" అడిగింది అవ్వ.

"పొద్దుగాల గుట్టెక్కి దిగి పోత అవ్వా. దర్గల టెంకాయ కొట్టనిస్తరో లేదో!"

"అది ఇంటికి తీస్కపోయి కొట్టు బిడ్డా. పైన అగరుబత్తి ముట్టియ్యి, దారం కట్టు. ఆ దేవునికి తెలుగు సుత వస్తది."

ఆ రాత్రి ఆమె పడుకోలేదు. నా అంచున కూర్చుని నులక పోగులు వేళ్లతో లెక్కపెడుతూనే ఉంది. పక్కింటి ముస్లిం చాచా రేడియో గోడ మీద పెట్టి వార్తలు వినిపించాడు. వాళ్ల పిల్లవాడూ సౌదీలోనే, దమ్మామ్‌లో ఉన్నాడు. తెల్లారుజామున ఆ చాచా భార్యా, ఈ అమ్మా కలిసి మెట్లెక్కారు. వేసవికి సౌదీ నుంచి ఉత్తరం వచ్చిందని ఆమె అవ్వకు కార్డు రాయించింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఉర్సుకు వచ్చి నా మీదే పడుకుంది. కిరాయి తగ్గించమని ఏనాడూ అడగలేదు, అవ్వ పెంచనూ లేదు.

మా యాపారంలో ఒక చిక్కుంది. మిగతా కొండల కింద సీజను ఒకచోట కదలకుండా ఉంటుంది. మాకు అట్లా కాదు. రజబ్ చంద్రుణ్ని బట్టి వచ్చే నెల, ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2008లో ఉర్సు జూలైలో పడింది. వాన జల్లుకు చుట్టాలంతా రెండర్రల్లోనే ఇరుక్కుని, నా మీద ముగ్గురు, నా కింద ఇద్దరు పడుకున్నారు. 2014లో మే నెల నడిమధ్యన వచ్చింది. అసలే ఎండలు, ఆపైన ఎన్నికల ఫలితాల వేడి. నన్ను వాకిట్లో వేస్తే తెల్లవార్లూ నా మీద కూర్చుని తెలంగాణ ముచ్చట్లే. 2024కు మళ్లీ జనవరి చలికి తిరిగొచ్చింది, బొంతలు బయటికొచ్చాయి. చలితో మొదలుపెట్టి వానా, ఎండా దాటి చలికి చేరేసరికి ముప్పై మూడేళ్లు పట్టింది. ఆ చుట్టు మొత్తం తిరిగిన మంచాన్ని ఈ గల్లీలో నేనొక్కదాన్నే. మిగతావాటిని నీళ్లు కాచే పొయ్యిలో పెట్టేశారు.

ఉర్సు లేని రోజుల్లో మా చుట్టాలు వేరు. రైల్వే పరీక్షలు రాయడానికి జిల్లాల నుంచి వచ్చే పిల్లలు, ఈసీఐఎల్‌లో ట్రేడ్ పరీక్షకు వచ్చిన ఐటీఐ కుర్రాళ్లు, నాచారం కంపెనీల్లో పని దొరికి అర్ర దొరికేదాకా ఆగేవాళ్లు. గుట్టెక్కి మొక్కుకునేవాళ్లూ వాళ్లలో ఉండేవారు, గుట్ట వైపు చూడకుండా లెక్కల పుస్తకం మొహం మీద కప్పుకుని పడుకునేవాళ్లూ ఉండేవారు. అవ్వ ఎవరినీ కులం అడగలేదు. "పేరేంది, ఊరేంది, పైసలు ముంగట ఇయ్యాలె" అంతే అడిగేది.

మంచి చెప్పుకున్నాక చెడ్డ కూడా చెప్పాలి. నల్లులు. మనిషి ఒంటి వేడి తగలగానే అల్లిక సందుల్లోంచి, కోళ్ల బెజ్జాల్లోంచి బారులు తీరి వస్తాయి. వాటిని తెచ్చేది చుట్టాల మూటలే, నింద పడేది నా మీద. నెలకోసారి అవ్వ నన్ను ఎండలో నిలువునా నిలబెట్టి, కట్టెతో పట్టెల మీద బాదేది. రాలినవి మట్టిలో పాకుతుంటే చెప్పుతో తొక్కేది. తర్వాత సలసల మరిగే నీళ్లు బెజ్జాల్లో పోసేది, చివరగా కిరోసిన్‌లో ముంచిన గుడ్డ సందుల్లోకి కూరేది. రెండు రోజులు నా దగ్గరికెవరూ రాలేని వాసన. ఒళ్లు మండేది గానీ, నేను ఇన్నేళ్లు నిలబడ్డానంటే ఆ దెబ్బల పుణ్యమే.

అవ్వ మనవడు బీటెక్ అయ్యాక పై చదువుకు ఇటలీ పోయాడు. మిలాన్‌లో ఉంటాడు. సెలవులకు దోస్తులతో కలిసి బోల్జానో అనే ఊరికి పోయి అక్కడి నుంచి వీడియో కాల్ చేశాడు. డోలమైట్ పర్వతాలకు పోయేవాళ్లు ముందు దిగే ఊళ్లలో అదొకటి. ఆ కొండలకు 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ సీమ ఆస్ట్రియాది. అందుకే ఇప్పటికీ బోర్డుల మీద ఇటాలియన్, జర్మన్ రెండూ ఉంటాయట. ఇక్కడ తెలుగు, ఉర్దూ పక్కపక్కన చూసి పెరిగిన పిల్లవానికి అది వింతేమీ అనిపించలేదు. ఊళ్లోంచే తీగ మీద వేలాడే బండెక్కితే పై ఊరికి చేరుస్తుందని కూడా చూపించాడు. వాళ్లు దిగింది ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో. నడిపేది అవ్వ ఈడు పెద్దావిడే.

"నానమ్మా, వీళ్లు మనలెక్కనే. పాస్‌పోర్టు చూసి పోలీసోళ్లకు వివరం పంపుతరు. మీద రాత్రికి ఇంతని మనిషికి పన్ను కూడా కట్టాలె."

"ఇంటికొచ్చినోల్ల మీద పన్నేంది బిడ్డా!"

"ఊరికే కాదు, ఒక కార్డు ఇస్తరు. అది చూపిస్తే ఉన్నన్ని దినాలు బస్సులు, రైళ్లు ఫ్రీ."

అవ్వ కాసేపు ఆలోచించింది. "గది మంచిగున్నది. మన దగ్గర గుట్టకొచ్చినోల్లకు గట్ల ఇస్తే ఆటోలకు పైసలు మిగులుతయి" అంది.

మనవడు కెమెరా తిప్పి పడక చూపించాడు. తెల్లటి దుప్పటి, మీద ఈకలు నింపిన మందపాటి బొంత, పొద్దున రొట్టె, జామ్, జున్ను కూడా ఆ కిరాయిలోనే. నాకు అసూయ కలగలేదంటే అబద్ధం. కానీ వాడు పడుకుని మొహం ముడిచాడు: "మెత్తగ లోపలికి దిగుతుంది నానమ్మా, నడుం పడ్తలేదు. మన గడెంచే నయం." నా జన్మకు దక్కిన పద్మశ్రీ అదే.

ఇప్పుడు నా మీద నులక లేదు, ప్లాస్టిక్ పట్టీ అల్లించారు. అది నీళ్లు పోసినా చెడదు, ఎండకు మాత్రం పుటుక్కున తెగుతుంది. అర్రల్లోకి ఇనుప మంచాలు, ఫోమ్ పరుపులు వచ్చాయి. నేను అరుగు మీదికి మారాను. 2024లో మౌలాలి మీదుగా సనత్‌నగర్ దిక్కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడవడం మొదలైంది. 2025 జనవరిలో పక్కనే చర్లపల్లి టెర్మినల్ తెరిచారు. అర్ధరాత్రి రైలు దిగి, తెల్లారేదాకా ఎక్కడైనా ఒరుగుదామని చక్రాల పెట్టెలు లాక్కుంటూ వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లలో సగం మందికి ఎదురుగా ఉన్నది ఏం గుట్టో తెలియదు. ఫోన్ చార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతారు. అవ్వ స్విచ్‌బోర్డు చూపించి, వెంటనే గుట్ట కూడా చూపిస్తుంది. కొందరు పోతారు, కొందరు పోరు.

ఉర్సుకు వచ్చేవాళ్లు కూడా ఇప్పుడు కార్లలో వచ్చి, దాదాపు అయిదు వందల మెట్లు గబగబా ఎక్కి దిగి, గంటలో పోతున్నారు. పోయేముందు మెట్ల మీద నీళ్ల సీసాలు వదులుతున్నారు. వాళ్లకు ఒక్క మాట చెబుతాను. ఈ గుట్ట బండకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మీ సీసా కరిగేదాకా అది ఆగగలదు, మీ మనవలు ఆగలేరు. తొందరలేని వాళ్లు ఒక్క రాత్రి ఇక్కడ ఉండండి. తెల్లారుజామున చల్లటి వేళ ఎక్కండి. దిగాక చందా తోటలోకి పోయి ఆ తల్లీబిడ్డలను పలకరించి రండి.

ఇక ఇళ్లున్నవాళ్లకు. మీ ఊళ్లోనూ ఒక గుట్టో గుడో దర్గానో ఆస్పత్రో ఉంటుంది. పొద్దుగూకాక దిక్కు చూసుకుంటూ నిలబడేవాళ్లు ఉంటారు. అరుగు మీద ఒక మంచం వేయండి. కిరాయి తీసుకోండి, అందులో తప్పేం లేదు. కులం అడగకండి. నెలకోసారి మంచాన్ని ఎండలో వేసి నల్లులు దులపండి.