దీర్ఘాల పెద్దాయన

జాతీయ రహదారి 44 మీద మేడ్చల్ దాకా, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా విరివిగా కనిపించే రకం దీర్ఘాల పెద్దాయన. సాధారణంగా రిటైరైన తెలుగు పంతులు. అరుదుగా బ్యాంకు గుమాస్తా. బస్సులో కిటికీ సీటు ఖాళీగా ఉంటేనే ఎక్కుతాడు. గాలి అక్కర్లేదు, బోర్డులు కనబడితే చాలు.

ఈయన లెక్కలో అక్షరం కంటే దానికి తగిలించిన గుర్తుకే పరువెక్కువ. ఏత్వం ఎత్వమైతే మేడ మెడవుతుంది. గదికి దీర్ఘమిస్తే గాదవుతుంది, అద్దెకు దిగినవాడు అందులో వడ్లు పోసుకోవాలి. వెంచరు బోర్డులో లవత్తు రాలితే ప్లాట్లు పాట్లవుతాయి. దీన్ని మాత్రం ఆయన దిద్దించడు, ఉన్నమాటే రాశారంటాడు.

మేడ్చల్‌ను కొత్తవాళ్లు 'మెడ్చల్' అనడానికి కారణం ఇంగ్లీషు బోర్డే. ఆ రాతలో ఎత్వానికీ ఏత్వానికీ తేడా తెలియదు. 2001 నాటి ఐఎస్‌ఓ 15919 లిప్యంతరీకరణ పద్ధతిలో ఇంగ్లీషు 'e' నెత్తిన అడ్డగీత పెడితే ఏత్వమని కండక్టరుకు టికెట్టు కొట్టేలోపు చెబుతాడు. స్పానిష్‌లోనైతే 'పాపా' చివర గీత ఉంటే నాన్న, లేకపోతే బంగాళాదుంప అని కూడా. ఇక శామీర్‌పేట ఆయనకు తీరని దిగులు: ఒక బోర్డు మీద 'శా', ఇంకోదాని మీద 'షా', గుడి ఒకచోట, గుడిదీర్ఘం మరోచోట.

పాలకేంద్రం బోర్డులో దీర్ఘం పోయిందని చెప్తే జవాబు ఇలా ఉంటుంది: "పాలు చిక్కగున్నయా లేవా సూడున్రి సారూ, బోర్డుతోని మీకేం పని?"

అసలు బాధ అరసున్నది. అరుఁగు అంటే ఇంటి ముందుది, అరుగు అంటే వెళ్లడం, బండి ఱ వేస్తే అఱగడం. వాడుకలో ఇవన్నీ ఎప్పుడో కలిసిపోయాయి. యూనికోడ్‌లో అరసున్నకు చోటుందని తెలిసినప్పటి నుంచి ఆయన ఫోనులో వెతికి మరీ వాడతాడు. పుట్టినరోజు మెసేజీలో 'ఏఁడు' చూసి, తాత ఫోను పాడైందనుకుంటాడు మనవడు.

కిరాణా చీటీ ఇంట్లోవాళ్లు ఆయన చేతికివ్వరు: తప్పులు దిద్ది, మార్కులేసి, ఉప్పు మరిచి వస్తాడు. వీధిలో పెళ్లి కుదిరితే మాత్రం కార్డు ప్రూఫు ముందు ఆయన దగ్గరికే వెళ్తుంది. ధనలక్ష్మి 'దనలక్ష్మి' కాకుండా కాపాడేది ఇంకెవరు? అప్పుడెవరూ విసుక్కోరు. ఆయన్ను ఆటపట్టించేవాళ్లు కూడా తమ ఇంటి కార్డును రెండుసార్లు చూపిస్తారు. కూలి ఏమీ లేదు, పెళ్లిభోజనమే. ఆ భోజనానికి కింద ఒత్తు పడిందో లేదో ఆయన ప్రూఫులోనే చూసుకుంటాడు.