జామ్ లేని హైదరాబాద్: సిమ్యులేషన్ మ్యాపు నడిపేవారికి చిట్కాలు

నగర ట్రాఫిక్ సిమ్యులేషన్ బాధ్యత మీకు అప్పగించారా? శుభం. జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ 2001లో విడుదల చేసిన సుమో సాఫ్ట్‌వేర్ ఉచితం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా ఉచితమే. అరిగేది మీ ఒళ్లు ఒక్కటే, దాన్ని కాపాడుకోండి. కింది పద్ధతులు పాటిస్తే రిపోర్టులో జామ్ కనపడదు, ఎండలో మీరు కనపడరు.

1. మ్యాపు ఒక్కసారే దించుకోండి. 2020లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వచ్చింది, 2022 జనవరిలో షేక్‌పేట ఫ్లైఓవర్ వచ్చింది, రేపు ఇంకోటి వస్తుంది. వాటి వెంట పరుగెత్తితే అంతుండదు. 2019 మ్యాపు దగ్గరే ఆగిపోండి. ఎవరైనా నిలదీస్తే “అది బేస్ ఇయర్ సార్” అనండి. రెండో ప్రశ్న రాదు.

2. తప్పులు దిద్దక తప్పకపోతే సుమో మ్యాపు ఎడిటర్ నెట్‌ఎడిట్ తెరిచి, తయారైన నెట్ ఫైల్లోనే నేరుగా గెలకండి. మార్పులను విడిగా ప్యాచ్ ఫైళ్లుగా దాచుకుని, కొత్త మ్యాపు దించినప్పుడల్లా మళ్లీ అతికించే పద్ధతి ఒకటుంది. దాని జోలికి పోవద్దు. అలా దాచారంటే అప్‌డేట్ చేయనని చెప్పడానికి మీ దగ్గర సాకు మిగలదు. దాచకపోతే “కొత్త మ్యాపు ఎక్కిస్తే చేసిన పనంతా పోతుంది సార్” అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు. అది పచ్చి నిజం కూడా.

3. సిగ్నల్ టైమింగుల కోసం ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి వెళ్లకండి. లెటర్ పెట్టమంటారు, మళ్లీ రమ్మంటారు. మీరేమీ ఇవ్వకపోతే సుమో తనంతట తానే 90 సెకన్ల సైకిల్ వేసేస్తుంది. పొద్దున తొమ్మిదికీ అదే, అర్ధరాత్రీ అదే. సిగ్నల్ ఎత్తేసి యూటర్న్ పెట్టిన జంక్షన్లు నగరంలో చాలానే ఉన్నాయి. మ్యాపులో సిగ్నల్ ఉంటే ఉండనివ్వండి, పచ్చగా ఎర్రగా చూడ్డానికి బాగుంటుంది.

4. లెఫ్ట్‌హ్యాండ్ ఆప్షన్ మర్చిపోతే బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి. కంగారు పడకండి. ప్రెజెంటేషన్లో జూమ్ చేయకండి.

5. టూవీలర్లను తీసేయండి. అవి కార్ల సందుల్లోంచి దూరాలంటే సబ్‌లేన్ మోడల్ ఆన్ చేయాలి, కంప్యూటర్ నెమ్మదిస్తుంది. అందరికీ ఒక్కో కారు ఇచ్చేయండి. ఆటోలకూ అంతే.

6. ఇక అసలు విద్య. ఒక బండి 300 సెకన్లు కదలకపోతే సుమో దాన్ని అక్కడి నుంచి ఎత్తి, దాని దారిలోనే ముందెక్కడో ఖాళీ ఉన్న చోట దించుతుంది. దీన్ని టెలిపోర్ట్ అంటారు. మోడల్లో ఎక్కడో లోపం ఉందని చెప్పే గుర్తు ఇది. మీరు దాన్ని వైద్యంగా వాడండి. 300 తీసేసి 30 పెట్టండి. అమీర్‌పేటలో ఇరుక్కున్న కారు అర నిమిషంలో మాయమై ముందు తేలుతుంది. లాగ్‌లో వార్నింగులు కుప్పలుగా పడతాయి కాబట్టి వార్నింగులు రాకుండా ఆపేయండి.

తర్వాత సిమ్యులేషన్‌ను సరిగ్గా గంటకు కోసేయండి. గమ్యం చేరిన బండ్ల లెక్కే ట్రిప్ ఫైల్లో పడుతుంది. దారిలో మిగిలినవి కూడా పడాలంటే వేరే ఆప్షన్ పెట్టాలి, పెట్టకండి. రోడ్డు నిండిపోయి లోపలికే రాలేని బండ్లు అసలు బయల్దేరనట్టే లెక్క. గంటలో ముగిసేవి ఎక్కువగా దగ్గరి ట్రిప్పులే కాబట్టి, జామ్ ముదిరిన కొద్దీ సగటు ప్రయాణ సమయం తగ్గినట్టు కూడా కనపడొచ్చు. ఆ అంకెను మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేయండి.

7. కాలిబ్రేషన్ అడుగుతారు. రోడ్డు మీద లెక్కించిన బండ్లకూ మోడల్లోని బండ్లకూ మధ్య తేడాను కొలిచే జీఈహెచ్ విలువ 85 శాతం చోట్ల 5 లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. కుదరని చోట్లను జాబితాలోంచి తీసేయండి. మిగిలినవాటిలో 100 శాతం వస్తుంది.

8. నిమజ్జనం సినారియో, వానాకాలం సినారియో కావాలంటారు. మామూలు రోజు ఫోల్డర్ కాపీ కొట్టి పేరు మార్చండి. మరీ గట్టిగా అడిగితే ట్యాంక్‌బండ్ ఒక్కటి మూసేయండి. దారి తెగిన బండ్లున్నాయని సుమో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. రూట్ ఎర్రర్లను పట్టించుకోవద్దనే ఆప్షన్ ఉంది, అది పెట్టి టీకి వెళ్లండి.

9. రన్‌లోని యాదృచ్ఛికతను నిర్ణయించే అంకె ర్యాండమ్ సీడ్. దాన్ని మార్చుతూ పోండి. నచ్చిన ఫలితం రాగానే ఆపి, మిగతావి చెరిపేయండి.

10. ఏ ఫైలుతో, ఏ సీడ్‌తో రిపోర్టు తయారైందో ఎక్కడా రాయకండి. అది మీకు మాత్రమే తెలిసినంత కాలం మీ కుర్చీకి ఢోకా లేదు. మీకూ గుర్తు లేకపోతే మరీ మంచిది, ఎవరు ఎంత అడిగినా చెప్పడానికి ఏమీ ఉండదు. బదిలీ ఆర్డరు రాగానే ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసి కొత్తగా చేరిన కుర్రాడి చేతిలో పెట్టండి. “అంతా ఇందులోనే ఉంది తమ్ముడూ” అని భుజం తట్టి, సాయంత్రం బస్సెక్కండి.