నడిస్తే చల్లన, ఆగితే సెగ

కారుకు బీమా తీసుకోవడం తేలిక. గుద్దించుకోవడం ఇంకా తేలిక. క్లెయిమ్ పాస్ చేయించుకోవడం కొంచెం కష్టం. క్లెయిమ్‌లో బాగై వచ్చిన కారు నిజంగా బాగైందని నమ్మడం మాత్రం పూర్తిగా భక్తి మార్గం. భక్తుడు ప్రశ్నలడగకూడదు. అడగదలిస్తే సర్వీస్ సెంటర్ గేటు దాటకముందే అడగాలి. దాటాక అడిగేవాణ్ని కస్టమర్ అనరు, కంప్లెయింట్ అంటారు.

మా తోడల్లుడిది చీరాల, బట్టల వ్యాపారం. పత్తి తీతల రోజుల్లో పర్చూరు వైపు నుంచి కారులో ఇంటికొస్తున్నాడు. సందె చీకటి. ముందు పత్తి ట్రాక్టరు. వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు, పత్తి మాత్రం ట్రక్కు దాటి నాలుగు వైపులా పొంగి రోడ్డంతా తనదే అంటోంది. మా వాడి కారు ముక్కు వెళ్లి అందులో దూరింది. పత్తి మెత్తనిదే. దాని వెనకున్న ఇనుప తలుపు మెత్తనిది కాదు. బంపరు, గ్రిల్లు, ఒక హెడ్‌లైటు, రేడియేటరు ముందుండే ఏసీ కండెన్సరు పోయాయి. మనుషులకేమీ కాలేదు. ట్రాక్టరుకు అసలే కాలేదు. డ్రైవరు దిగొచ్చి, “చూసుకుని రావొద్దా సారూ” అని మందలించి తన దారిన పోయాడు.

కారు ఒంగోలు వెళ్లింది. క్యాష్‌లెస్ అన్నారు. అంటే క్యాష్ లేనిదని కాదు, ఎంత కట్టాలో చివరిదాకా చెప్పనిదని. పాలసీ అమ్మిన రోజు రూపాయి కట్టక్కర్లేదన్న గొంతే ఇప్పుడు కోతల పట్టిక చదివింది. ఈ పట్టికకు పెద్ద చరిత్రే ఉంది. 2002 జులై 1న వచ్చిన మోటారు టారిఫ్ రాసిపెట్టిన తరుగుదల లెక్కనే మామూలు పాలసీలు ఇవాళ్టికీ పాటిస్తున్నాయి. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ సామానుకూ బ్యాటరీకీ టైరుకూ సగం కోత. ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతం. ఇనుప సామానుకు కారు వయసును బట్టి: నాలుగేళ్లు దాటితే 35 శాతం, ఐదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతు రంగు ఖరీదని లెక్కగట్టి అందులో సగం కోస్తారు. ఎయిర్‌బ్యాగుకూ సగమే ఇస్తారు, అది ప్రాణాన్ని మొత్తంగా కాపాడినా సరే. అద్దానికి మాత్రం కోత లేదు. కాబట్టి గుద్దుకోక తప్పకపోతే ముందుగా అద్దమే పగలాలని మొక్కుకోవాలి.

ఇవన్నీ పోగా, 1500 సీసీ లోపు బండికి తప్పనిసరి కోత వెయ్యి రూపాయలు, ఆ పైదైతే రెండు వేలు. అదీ పోగా, ఏడాదికో మెట్టు చొప్పున ఎక్కి 45 శాతానికి చేరిన నో క్లెయిమ్ బోనస్ వచ్చే రెన్యువల్‌కు సున్నా. నాలుగేళ్లు బుద్ధిగా నడిపినందుకు వచ్చిన బహుమానాన్ని పత్తి ట్రక్కు ఒక్క సాయంత్రంలో పట్టుకుపోయింది. ఇంతవరకూ ఫిర్యాదు లేదు. పాలసీ మీద అచ్చేసిన మాటే. చదివే సైజులో వేయలేదు గానీ, వేశారు.

అసలు కథ డెలివరీ రోజు మొదలైంది. కారు కడిగారు, డాష్‌బోర్డుకు పాలిష్ పట్టారు, టైర్లకు నలుపు రాశారు. పొద్దుగూకే వేళకు తాళాలు చేతిలో పెట్టి, ఒక కాగితం ముందు పెట్టారు. మరమ్మతులు పూర్తి తృప్తికరంగా జరిగినట్టూ, ఇక దీని మీద ఏ క్లెయిమూ లేనట్టూ కారు యజమాని చేసే ప్రకటన అది. “ఇది లేందే బిల్లు పాస్ కాదండీ” అన్నాడు సర్వీస్ అడ్వైజర్. కారు ఇంకా షెడ్డులోంచి కదల్లేదు. తృప్తి మాత్రం పూర్తయిపోయింది. మా తోడల్లుడు సంతకం చేశాడు. అందరూ చేసేదే.

216 జాతీయ రహదారి మీద చీరాల దాకా ఏసీ చల్లగా ఉంది. గడియార స్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఆగాడు. లోపల సెగ. కదిలితే మళ్లీ చల్లన. ఆగితే మళ్లీ సెగ. ఎండలు ముదిరేకొద్దీ ఈ చోద్యమూ ముదిరింది. బండి నిలబడితే చాలు, టెంపరేచరు ముల్లు పైకి పాకడం మొదలైంది. దానికితోడు బాగుచేసిన హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద పడకుండా వాడరేవు దారిలో తాటి మట్టల మీద పడుతోంది. ప్రమాదానికి ముందు ఈ కారుకు ఇలాంటి అలవాట్లు లేవు.

అప్పుడు ముగ్గురికి ఫోన్లు వెళ్లాయి.

సర్వీస్ సెంటర్ అంది: “ఏసీ కంప్లెయింట్ మీ క్లెయిమ్‌లో లేదు కదండీ. అది జనరల్ రిపేర్ కిందికొస్తుంది. బండి తీసుకురండి, వేరే జాబ్ కార్డు తెరుద్దాం.”

బీమా కంపెనీ అంది: “మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్లు పాలసీలో కవర్ కావండీ. పనిలో లోపమైతే వర్క్‌షాపును అడగండి. ఇంతకీ మీరు తృప్తిగా ఉందని సంతకం పెట్టారు కదా?”

సర్వేయరు అన్నాడు: “నేను చూసినప్పుడు ఫ్యాన్ బాగానే ఉందండీ. పగిలినవాటికే నేను రిపోర్టు రాస్తాను. బాగున్నదానికి రిపోర్టు ఎట్టా రాస్తాను?”

ముగ్గురూ నిజమే చెప్పారు. మూడు నిజాలు కలిసి ఒక్క ఫ్యాన్‌ను తిప్పలేకపోయాయి.

చివరికి చీరాలలోనే, చెట్టు కింద పనిచేసే ఒక మెకానిక్ కుర్రాడు బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయించి, కాసేపు చూశాడు. “బాబాయ్, కండెన్సరు మార్చేటప్పుడు ఈ ఫ్యాన్ సాకెట్ ఊడదీశారు, మళ్లా పెట్టలేదు. బండి పోతుంటే ఎదురుగాలికి కండెన్సరు చల్లబడిద్ది. ఆగితే గాలెక్కడిది?” అని సాకెట్ నొక్కాడు. టిక్కుమంది. ఫ్యాన్ తిరిగింది. వంద రూపాయలు తీసుకున్నాడు, అదీ మొహమాటపడుతూ. ఆ వంద బీమాలో రాబట్టాలంటే ముందు తప్పనిసరి కోత వెయ్యి దాటాలి. ఒకవేళ ఆ కుర్రాడి కంట పడక, ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటే? దానికీ పాలసీలో సిద్ధంగా ఒక మాట ఉంది: పర్యవసాన నష్టం. అది కూడా కవర్ కాదు.

ఇందులో ఏ ఒక్కరి దుర్మార్గమూ లేదు. దుర్మార్గుడుంటే పట్టుకోవడం సులువు. ఇక్కడున్నది ఒక ఖాళీ గడి. క్లెయిమ్ పట్టికలో పగిలిన ప్రతి సామానుకూ ఒక వరస ఉంటుంది. పగిలినదాన్ని అందుకోవడానికి ఊడదీసిన మంచి సామానుకు మాత్రం వరస లేదు. ముందు బంపరు విప్పితే హారన్, ఫాగ్ లైటు, పార్కింగ్ సెన్సర్ల వైర్లు, హెడ్‌లైటు సాకెట్లు, రేడియేటరు ఫ్యాన్ అన్నీ వరసగా ఊడతాయి. ఊడదీసినవాటిని మళ్లీ తగిలించాడో లేదో చూడమని సర్వేయరును ఎవరూ అడగరు, కంపెనీ విడిగా డబ్బివ్వదు, వర్క్‌షాపుకు బిల్లు వేసుకునే చోటూ ఉండదు. బంపరు బిగించగానే లోపలిది కనపడదు. కనపడనిది తృప్తికరమే.

నీళ్లలో మునిగిన కార్లకైతే ఈ గడి ఇంకా పెద్దది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన పక్కనే బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. ప్రభుత్వమే బీమా కంపెనీలను కూర్చోబెట్టి క్లెయిములు త్వరగా తేల్చమనాల్సి వచ్చింది. నీళ్లలో నిలిచిన కారును కంగారులో స్టార్ట్ చేస్తే, సిలిండరులోకి చేరిన నీరు అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజిన్‌కు విడిగా కవరు కొనుక్కోకపోతే ఇదీ పర్యవసానంలోకే పోతుంది. స్టార్ట్ చేయకుండా బుద్ధిగా తోయించి తెచ్చినవాడి కథ వేరే. సీట్లు ఎండబెట్టి, కార్పెట్లు మార్చి ఇస్తారు. వైర్ల సాకెట్లలో దాగిన తడి నెమ్మదిగా చిలుము పట్టించి, నెలల తర్వాత ఒకరోజు పవర్ విండోను పైకి పోనివ్వదు, మరో రోజు డాష్‌బోర్డులో లేని దీపం వెలిగిస్తుంది. అప్పటికి ఫైలు మూసేసి ఉంటారు. కారు బురద మర్చిపోదు గానీ, ఫైలు మర్చిపోతుంది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఊరికే కూర్చుందని కాదు. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయరును పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి అని 2024లో గడువులు బిగించింది. మంచిదే. కాగితం ఎప్పుడు కదలాలో అన్నిటికీ గడియారం పెట్టారు. కారు బాగా కదులుతోందా అని చూడటానికే పెట్టలేదు.

ఇక మన సంగతి. చీరాలలో ఏ ఆడమనిషినైనా చూడండి, చీర కొనేముందు మడత విప్పించి, కొంగు పరిపించి, వెలుతురుకు పట్టి, అంచులో పోగు తెగిందేమో వేలితో తడిమి గానీ డబ్బు తీయదు. అదే ఇంట్లో మగవాడు లక్షల కారును సందె చీకట్లో, పాలిష్ వాసనలో, ఒక్క రౌండు తిప్పకుండా తీసుకుని, బ్రహ్మాండంగా ఉందని రాసిస్తాడు. మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే ఒప్పుకోమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరే ఖాళీ చేసి, రామనగరం పాకల్లో దాదాపు 11 నెలలు ఎండావానా భరించిన ఊరిది. బ్రిటిష్ ప్రభుత్వం అడిగినా వంగని తల, సర్వీస్ అడ్వైజరు పెన్ను మూత తీసి ఇచ్చేసరికి ఊగిపోతోంది.

ఊరు వదిలిపోనక్కర్లేదు. షెడ్డు వదలకపోతే చాలు. డెలివరీ పగటిపూట తీసుకోండి. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి, బండి నిలబెట్టి పది నిమిషాలు కూర్చోండి, ఫ్యాన్ తిరుగుతుందో లేదో చెవితో వినండి. హెడ్‌లైట్లు గోడ మీద వేసి చూడండి. స్టీరింగ్ వదిలితే బండి ఏ పక్కకు లాగుతుందో, హారన్ మోగుతుందో, ముందు సెన్సర్లు పనిచేస్తున్నాయో చూడండి. మార్చిన పాత సామాను చూపించమనండి. తర్వాతే పెన్ను పట్టండి. ఏదైనా తేడా ఉంటే ఆ తృప్తి కాగితం మీదే, మీ చేతిరాతతో, ఫలానాది సరిగా లేదు అని రాసి, దానికో ఫోటో తీసుకోండి. “అట్టా రాస్తే సిస్టమ్ తీసుకోదండీ” అంటారు. సిస్టమ్ తీసుకోకపోయినా కోర్టు తీసుకుంటుంది.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లూ దిగులు పడక్కర్లేదు. అజ్మేర్ సింగ్ కాటన్ అండ్ జనరల్ మిల్స్ కేసులో, అదీ పత్తి గొడవే చూడండి, ఇక ఏ క్లెయిమూ లేదనే డిశ్చార్జి కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన వినియోగదారుడి నోరు ప్రతిసారీ మూతపడదని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. మోసంతోనో ఒత్తిడితోనో పెట్టించారని రుజువు చేయాల్సింది మాత్రం మనమే. సర్వేయరు మాటే తుది మాట కాదని ఒక లారీ ప్రమాదం కేసులో 2009లో చెప్పింది. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోగా సరైన జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు పైసా ఫీజు లేకుండా రాయొచ్చు. వర్క్‌షాపునూ బీమా కంపెనీనీ ఒకే పిటిషన్‌లో పక్కపక్కన నిలబెట్టాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు, ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఫోనులోనే మొదలుపెట్టాలంటే 1915. నీది కాదంటే నీది కాదని ఫోనులో తోసుకున్న ఇద్దరూ అక్కడ ఒకరి ఎదుట ఒకరు నిలబడి ఆ మాట చెప్పాలి.

అందుకని బీమా కంపెనీలకు ఒక విన్నపం: క్లెయిమ్ పట్టికలో ఇంకో వరస పెట్టండి. ఊడదీసినవి, తిరిగి తగిలించినవి, నడిపి చూసినవి అని మూడు గడులు గీసి, నడిపి చూసినవాడి సంతకం తీసుకోండి. తృప్తి కాగితాన్ని డెలివరీ రోజున కాకుండా వారం తర్వాత అడగండి. ఆ వారంలో మా చీరాల సెంటర్‌లో ఒక్కసారి కారు ఆగితే చాలు, మీకు కావాల్సిన రిపోర్టు వచ్చేస్తుంది.