ప్రోటీన్ డబ్బా ముద్రాధారణ మాహాత్మ్యం

ప్రోటీన్ పొడి డబ్బాలకు ఇటీవల పట్టుకున్న ముద్రాధారణ వ్రతాన్ని చూస్తే, సమాశ్రయణంలో భుజాలకు శంఖచక్రాలు వేయించుకునే భక్తుల నిష్ఠ కూడా చిన్నబోతుంది. భక్తుడికి రెండు ముద్రలు చాలు. డబ్బాకు మాత్రం మూత మీద ఒకటి, నడుము చుట్టూ నాలుగు, అడుగున నల్లగడుల క్యూఆర్ కోడ్ ఒకటి ఉన్నా తనివి తీరడం లేదు. వీటన్నిటి సారాంశం ఒక్కటే, లోపలి పొడిని ఎవరో పెద్దలు పరీక్షించి బాగున్నదని చెప్పారని. ఆ పెద్దలెవరు, దేనిని పరీక్షించారు, ఎప్పుడు పరీక్షించారు అని అడగడం అపచారం, ఎందుకంటే ముద్ర వేసింది చదవడానికి కాదు, దణ్ణం పెట్టించుకోవడానికి.

చిల్లర ముద్రల సంగతి త్వరగా ముగించవచ్చు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య, అంటే దేశంలో ఆహార ప్రమాణాలను చూసే సంస్థ ఇచ్చే లైసెన్సు సంఖ్య, ఆవకాయ సీసాకూ కారప్పూస ప్యాకెట్టుకూ ఉన్నదే; అది వ్యాపారం చేసుకోవడానికి అనుమతే కాని, ఈ డబ్బాలోని పొడికి యోగ్యతాపత్రం కాదు. ఐఎస్ఓ, జీఎంపీ అన్నవి కర్మాగారం నడిచే తీరుకూ శుభ్రతకూ రికార్డుల నిర్వహణకూ సంబంధించినవి. అమెరికా ఎఫ్‌డీఏ పేరు చెప్పుకొనే డబ్బాల ధైర్యం మరీ మెచ్చదగినది: అక్కడి 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్లను, అంటే ఆహారానికి తోడుగా తీసుకునే పొడులనూ మాత్రలనూ, బజారులోకి రాకముందు పరిశీలించి ఆమోదించడం ఆ సంస్థ పని కానే కాదు; కర్మాగారం పేరును తన పట్టికలో నమోదు చేసుకుంటుంది, అంతే.

అసలు ఉత్సవమూర్తి ‘ఎన్‌ఏబీఎల్ ల్యాబ్ టెస్టెడ్’ అన్న ముద్ర. ఎన్‌ఏబీఎల్ అంటే పరీక్షాశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి. ఫలానా పరీక్షను ఫలానా పద్ధతిలో సరిగా చేయగల సామర్థ్యం ఫలానా ల్యాబ్‌కు ఉన్నదా లేదా అన్నది ఐఎస్ఓ 17025 అనే ప్రమాణాన్ని బట్టి అది తేలుస్తుంది. అది పొడిని చూడదు, రుచి చూడదు, దానికి మార్కులు వేయదు. గుర్తింపు ల్యాబ్‌ది, ఊరేగుతున్నది డబ్బా.

భక్తిశ్రద్ధలతో ఫోను తెరిచి క్యూఆర్ కోడ్‌ను దర్శించుకున్న కొనుగోలుదారుకు తరచు ఒక పీడీఎఫ్ పత్రం సాక్షాత్కరిస్తుంది. పైన ల్యాబ్ పేరు, కింద సంతకం, మధ్యలో సూక్ష్మాక్షరాల్లో ఒక వాక్యం: ఫలితాలు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయి. ఆ ప్రమాణం ప్రకారం నడిచే ల్యాబ్ ఈ మాట నిజాయతీగా రాసి తీరుతుంది; నమూనాను కంపెనీయే తెచ్చి ఇచ్చిందన్న సంగతీ దాచదు. అంటే బజారులోని డబ్బాను ఎవరూ కొనలేదు, గోదాములోంచి ఎవరూ చెయ్యిపెట్టి తీయలేదు. కంపెనీ తనకు నచ్చిన పొడిని తనే చిన్న సంచిలో పోసి, తనే చీటీ అంటించి, తనే రుసుము కట్టి పంపింది. ల్యాబ్ తన పని తాను చేసింది. అబద్ధం ల్యాబ్‌లో పుట్టలేదు, ఆ కాగితాన్ని డబ్బాకు తగిలించిన చోట పుట్టింది.

ఆ పత్రాన్నే ఇంకాస్త కిందికి చదివే ఓపిక ఉన్నవారికి మరికొన్ని వినోదాలు దొరుకుతాయి. చేతిలోని డబ్బా మీద ఒక బ్యాచ్ నంబరు, అంటే ఒక విడత తయారీకి ఇచ్చే సంఖ్య, ఉంటే పత్రంలో మరొకటి ఉండవచ్చు, లేదా ఏదీ ఉండకపోవచ్చు. పరీక్ష జరిగింది చాక్లెట్ రుచికి, అమ్ముడవుతున్నది మామిడి రుచి కావచ్చు. తేదీ చూస్తే ఆ నాటి పొడి ఎన్నడో ఎవరి కండల్లోనో కలిసిపోయి ఉంటుంది. సీసం, కాడ్మియం వంటి భార లోహాల వరుసలు, బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషపు వరుస వెతికితే కనిపించవు. కనిపించేది ప్రోటీన్ శాతం ఒక్కటే, దాని పక్కన పచ్చని టిక్కు.

ఆ ప్రోటీన్ శాతమైనా నమ్మదగినదా అంటే, అక్కడే అసలు విద్య ఉన్నది. విస్తృతంగా వాడే జెల్డాల్ పద్ధతి ప్రోటీన్‌ను నేరుగా కొలవదు. పదార్థంలోని నత్రజనిని కొలిచి, దానిని 6.25తో, పాల పదార్థాలకైతే 6.38తో గుణించి ప్రోటీన్ లెక్క చెబుతుంది. నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందని ఆ లెక్క అడగదు. కాబట్టి చవకగా దొరికే గ్లైసిన్, టారిన్ వంటి అమైనో ఆమ్లాలు పొడిలో కలిపితే కాగితం మీద ప్రోటీన్ పెరుగుతుంది, కండకు చేరేది పెరగదు. ఏ అమైనో ఆమ్లం ఎంత ఉన్నదో విడివిడిగా చూసే పరీక్ష చేస్తే తప్ప ఈ గుట్టు బయటపడదు. ఈ లెక్కలోని లొసుగునే వాడుకొని చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమైన్ అనే రసాయనాన్ని పోశారు. 2008లో అది బయటపడేసరికి దాదాపు మూడు లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, కనీసం ఆరుగురు మరణించారు.

ఇక్కడ వెటకారం చాలు. దేశంలో అమ్ముడవుతున్న 36 ప్రోటీన్ సప్లిమెంట్లను కొందరు వైద్యులూ పరిశోధకులూ సొంత డబ్బుతో పరీక్ష చేయించి, 2024లో ‘మెడిసిన్’ పత్రికలో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సుమారు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ సమాచారం నిజం కాదు. సుమారు 14 శాతంలో కాలేయానికి హాని చేసే అఫ్లటాక్సిన్లు ఉన్నాయి. చట్టమూ అధికారులూ ప్రయోగశాలలూ ఉన్న దేశంలో ఈ పని కొందరు జేబులోంచి ఖర్చుపెట్టి చేయవలసి రావడం సిగ్గుచేటు. లేని ప్రోటీన్‌కు ధర కట్టి, ఉన్న విషాన్ని దాచి, పైన పరీక్ష ముద్ర కొట్టడాన్ని మార్కెటింగ్ అని పిలవడం మానుకోవాలి, అది దొంగతనం. జీతంలోంచి మిగిల్చి డబ్బా కొనే ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఆ పొడిని కమీషన్ మీద అంటగట్టే జిమ్ కోచ్ కూడా ఆ దొంగతనంలో వాటాదారే.

స్వతంత్ర పరీక్ష అనేది లోకంలో లేనిదేమీ కాదు. అమెరికాలో యూఎస్‌పీ, ఎన్‌ఎస్‌ఎఫ్ అనే సంస్థలు చీటీ మీద రాసినదే, రాసినంతే లోపల ఉన్నదా, హానికర కల్మషాలు హద్దులో ఉన్నాయా అని చూసి, కర్మాగారాన్ని తనిఖీ చేసి, ఆ తరువాతే ముద్ర ఇస్తాయి. బ్రిటన్‌లో పుట్టిన ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ పథకం, క్రీడాకారులు డోపింగ్ ఉచ్చులో పడకుండా, బజారుకు వెళ్లే ప్రతి బ్యాచ్‌నూ నిషిద్ధ పదార్థాల కోసం పరీక్షిస్తుంది. 1820లో మొదలైన ఆ యూఎస్‌పీకి హైదరాబాద్ శివార్లలోనే ప్రయోగశాల ఉన్నది. ఇటువంటి ముద్రలను కూడా నకలు కొట్టవచ్చు కాబట్టి, సరిచూడవలసింది డబ్బా మీది క్యూఆర్ కోడ్‌లో కాదు, ముద్ర ఇచ్చిన సంస్థ స్వయంగా ప్రకటించే జాబితాలో. అందులో పేరు లేకపోతే ముద్ర లేనట్టే. ఇంత చేసినా అది చెప్పేది లోపల ఏమున్నదో మాత్రమే, అది ఒంటికి అవసరమని కాదు. ఆ విషయమై హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడవద్దని స్పష్టంగానే చెప్పింది. ఆ సలహాకు క్యూఆర్ కోడ్ లేకపోవడం వల్ల కాబోలు, జిమ్‌ల దాకా చేరలేదు.

2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు తాను కొన్న ఆహారాన్ని రుసుము కట్టి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు; చట్టవిరుద్ధమని తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. అయితే పరీక్ష చేయించే ఉద్దేశం ఉన్నదని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలని అదే సెక్షన్ షరతు పెట్టింది. పాఠకులు తరువాతి డబ్బా కొనే ముందు ఆ ఒక్క మాట కౌంటరు దగ్గర నలుగురికీ వినబడేలా చెప్పి చూడవచ్చు.