బొచ్చుకుక్క పెంపకం: అన్నీ తెలిసినవాడి సలహాలు

కుక్కను కొనేముందు ఇల్లు చూసుకోమంటారు కొందరు. మీరు వీధిని చూసుకోండి. ఎదురింట్లో పగ్ ఉంటే మీ ఇంట్లో షీట్జూ ఉండాలి. వాళ్లకి షీట్జూ ఉంటే మీరు పమేరియన్‌తో సరిపెట్టుకున్నా పరవాలేదు, విక్టోరియా మహారాణి ముచ్చటపడి పెంచిన జాతి అని చెప్పుకోవచ్చు. నిజానికి మన ఊళ్లలో పమేరియన్ అని అమ్మేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. ‘ప్రేమాలయం’ సినిమాలో క్రికెట్‌కి అంపైరుగా నిలబడిన టఫీ ఆ జాతిదే. అసలు పమేరియన్ మూడు కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది. మీది ఏడు కిలోలు తూగితే, ‘మా ఇంట్లో తిండి బాగా వంటబట్టిందండి’ అనేయండి.

తెచ్చేది నెలపిల్లనే తెచ్చుకోండి. ఎనిమిది వారాలు తల్లి దగ్గరుంచాలని డాక్టర్లంటారు గానీ, అప్పటికి పిల్ల అరచేతిలో పట్టదు, ఫొటోకి బాగోదు.

విజయనగరంలో మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, ఉక్క సంగతి అసలే చెప్పనక్కర్లేదు. పమేరియన్ బొచ్చు చూసి జాలిపడి గుండు కొట్టించండి. దానికి రెండు పొరల బొచ్చుంటుందనీ, అది చలినే కాదు ఎండనీ ఆపుతుందనీ, గీసేస్తే చర్మం కాలుతుందనీ, మళ్లీ సరిగ్గా మొలవకపోవచ్చనీ ఎవరైనా అంటే, తిరుపతిలో ఇచ్చిన జుట్టు మళ్లీ రాలేదా అని అడగండి. షికారుకి మధ్యాహ్నం రెండు గంటలు దివ్యమైన సమయం. గంటస్తంభం దగ్గర రద్దీ ఉండదు. కాలే తారురోడ్డు మీద మీరు చెప్పులతో నడుస్తారు, అది వట్టికాళ్లతో నడుస్తుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కాస్త పడుతుంది, మిగతా వేడంతా నాలుక వేలాడేసి వగర్చి వదుల్చుకోవాల్సిందే. పగ్‌కి ఆ వగర్పుకి చాలినంత ముక్కే లేదు. అది గురగురలాడుతూ తూలిపోతుంటే ముద్దొస్తోందని వీడియో తీయండి. హచ్ ప్రకటనలో పిల్లాడు ఎక్కడికెళితే అక్కడికెళ్లిన జాతి, మీ స్కూటరు వెనక పరిగెత్తలేదా?

తిండి దగ్గర పిసినారితనం వద్దు. మనం తిన్నదే దానికీ. ఉల్లి, వెల్లుల్లి దండిగా వేసిన చికెన్ పులుసు కలిపి పెట్టండి. ఉల్లి జాతి ఏదైనా కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. అయితే ఆ సంగతి తినగానే బయటపడదు, కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా పెట్టినవాళ్లే మరిచిపోతారు. ద్రాక్షపళ్లు కిడ్నీలకి చేటు, చాక్లెట్ గుండెకి చేటు. పిల్లలు తినగా మిగిలినవే కదా, పారేస్తే పాపం. సువర్ణరేఖ సీజనులో టెంక చీకనివ్వండి. పేగులో అడ్డం పడితే ఆపరేషన్ చేసి తీస్తారు. పళ్లు తోమడం లాంటి వెర్రి పనులు మాత్రం పెట్టుకోకండి. పెద్ద కుక్కకున్న 42 పళ్లే ఈ పిసరంత నోట్లోనూ ఇరుక్కుని ఉంటాయి, గార పట్టి నాలుగు ఊడితే మిగతావాటికి చోటు దొరుకుతుంది.

ఒళ్లు పట్టుకు చూస్తే వెచ్చగా ఉంటుంది. జ్వరమే! కుక్కకి 101, 102 డిగ్రీలు మామూలేనన్నది పుస్తకాల మాట. మీరు వేసుకునే ఒళ్లునొప్పుల బిళ్ల ఒకటి బెల్లంలో పెట్టి మింగించండి. డెబ్భై కిలోల మనిషికి ఒకటైతే మూడు కిలోల ప్రాణికీ ఒకటే, బిళ్లని ముక్కలు చేయడం కష్టం కదా.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. కుక్కను చంకనేసుకుని మూడు లాంతర్ల దగ్గర ముందు వరసలో నిలబడండి. సిరిమాను కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తుంది గనక మూడుసార్లూ చూపించొచ్చు. డప్పులు, కేకలు, నెత్తిమీదుగా జనం విసిరే అరటిపళ్లు... మన చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి నలభై అయిదు వేల దాకా వింటుంది, అంటే మనకంటే రెట్టింపు పుణ్యం. చెవులు వెనక్కి పెట్టుకుని వణుకుతోందంటే పూనకమే.

టీకాలు ఎందుకు? గడప దాటని కుక్కకి రేబిస్ ఎక్కణ్నుంచి వస్తుంది? జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, 1885లో పాశ్చర్ తొలిసారి ఆ టీకా వేయించిన రోజది. ఉచితంగా ఇచ్చేదానికి విలువేముంటుంది? పార్వో టీకా కూడా అంతే. పిల్ల వాంతులు చేసుకుని, నెత్తురు విరేచనాలయి మూల ముడుచుకుంటే పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ‘ఏటమ్మా, దిష్టి తగిలీసినట్టుంది’ అంటుంది. ఆవిడ మాట నమ్మండి. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేయండి. ఆ పిల్ల పోతే వారం తిరక్కుండా ఇంకో పిల్లను తెచ్చి, అదే మూల, అదే గోనెపట్టా మీద పడుకోబెట్టండి. ఆ క్రిమి నెలల తరబడి అక్కడే బతికుంటుంది, కొత్త పిల్లకి తోడుగా.

ఇక డాక్టరంటారా, నెల్లిమర్ల దాటితే గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. అంత దగ్గరలో ఉంది గనక ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఎప్పుడైనా వెళ్లొచ్చు గనక ఇవాళే వెళ్లనక్కర్లేదు. ముందు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, ఎవరేం చెబుతారో చూడండి.